ఒక్కతే బిడ్డ

అమ్మా,

ఈ ఉదయం అక్క నీ దిండు గలీబు తీసి, దులిపి, మూలకి మూల కలిపి మడతపెట్టి, ఆ మడతని మళ్ళీ నీ దిండు మీదే పెట్టింది. ఊళ్ళో లేని మనిషి గలీబుకి ఇస్త్రీ మడత ఎందుకే అక్కా అంటే, "అమ్మది కదా" అంది. ఆ తర్వాత తన చెప్పులు తొడుక్కుని లాండ్రీకి వెళ్ళిపోయింది. వీధి చివర మలుపు తిరిగేవరకు కిటికీలోంచి చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఫోనులో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. ఫోనులో నేను గొంతు సవరించుకునేలోపే "తర్వాతి సభకి ఉపన్యాసం పంపావా?" అంటావు. పంపానంటాను. మన మాటలు అక్కడితో అయిపోతాయి. ఈ పిల్లకి మాట్లాడటం రాదు, రాయడం వచ్చు అని కాన్వెంటులో సిస్టర్ నీకు చెప్పింది గుర్తుందా? నువ్వు రెండో ముక్క ఒక్కటే విన్నావు.

విషయం అక్కది. ఆసుపత్రి లాండ్రీలో అక్క పనిచేస్తున్నట్టు అక్కలాంటి వాళ్ళ కోసం నువ్వు నడిపే మన సంస్థ తరఫున చిన్న సినిమా తీయించావు. వారం రోజుల్లో కెమెరా వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. మర్నాడు అక్క మళ్ళీ తయారై కూర్చుంది. అయిపోయిందే అని నువ్వన్నావు, "బట్టలు అవలేదు" అని అది అంది. నువ్వు నవ్వి సరే పొమ్మన్నావు, నాలుగు రోజులుంటే విసుగొస్తుందనుకున్నావు. ఇప్పుడు దుప్పట్ల బల్ల దానిదే. దాని మడతలో ముడత కనిపిస్తే చూపించమని అక్కడి మేస్త్రీ కొత్తవాళ్ళతో పందెం కాస్తాడు.

ఆ బల్ల దగ్గర అక్కకి ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. ఒకరు పొడుగమ్మాయి, ఒకరు నవ్వులావిడ. అవి అక్క పెట్టిన పేర్లే. ఇద్దరికీ అక్కలాగే బుద్ధి ఎదుగుదలలో లోపం ఉంది. ఇద్దరూ ఆసుపత్రి వెనక వీధిలో, అలాంటి ఆడవాళ్ళు కలిసి సొంతంగా ఉండే ఇంట్లో ఉంటారు. వండుకోవడానికీ, డాక్టరు దగ్గరికీ తోడుగా ఒక రిటైరైన టీచరమ్మ ఉంటుంది. నీకు తెలుసు ఆ ఇల్లు. నీ పోరాటంతోనే అది వచ్చింది. రిబ్బను కత్తిరించింది నువ్వే. అక్కడ ఒక గది ఖాళీ అయింది. అక్క వెళ్ళి చూసి వచ్చింది. గోడ రంగు ఏమిటో, కిటికీకి ఎన్ని ఊచలో చెప్పి, "ఆ గది నాకు కావాలి" అంది.

అమ్మని అడుగుదాం అన్నాను. అది నా వైపు వింతగా చూసింది.

"అడగడం ఎందుకు? నువ్వు రాయి. నువ్వు రాసిందే కదా అమ్మ చెప్తుంది."

"ఏం రాయమంటావే?"

"సరే అని రాయి. అమ్మ చదివేస్తుంది."

అక్క లెక్క తప్పని ఎలా చెప్పను? ఇన్నేళ్ళుగా అది చూసింది అదే. నేను కాగితం ఇస్తాను, నువ్వు మైకు ముందు నిలబడి అది చదువుతావు. కాగితం మీద ఉన్న మాట నీ నోటి నుంచి రాకపోవడం అది ఎప్పుడూ చూడలేదు. అందుకే రాస్తున్నాను. సరే.

చట్టప్రకారం అక్కకి సంరక్షకురాలివి నువ్వు. నువ్వు ఒప్పుకోనిదే టీచరమ్మ గది ఇవ్వడానికి వీల్లేదు. అదొక్కటే అడ్డు.

ఇంతవరకు అక్క మాట. ఇక నాది. ఇది రాయకూడదనే కూర్చున్నాను, కాని కలం ఆగలేదు.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక పత్రిక అతను నీ గురించి రాస్తూ అక్కని "ఒక్కగానొక్క కూతురు" అన్నాడు. సెలవులకి ఇంటికొస్తే ఆ పేజీ చూపించి నవ్వావు. "పాపం, తొందరలో రాసేశాడు. ఇప్పుడు దిద్దితే అతని ఉద్యోగానికి ముప్పు" అన్నావు. నేనూ నవ్వాను. మళ్ళీ సెలవులకి వచ్చేసరికి ఆ పొరపాటు పెరిగి పెద్దదైంది. "ఇంకో బిడ్డని వద్దనుకున్నాను, నా ప్రేమంతా ఈ ఒక్క బిడ్డకే ఉంచాను" అని సభలో నువ్వే చెప్పావు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను.

చదువయ్యాక మన సంస్థలోనే రాతపనికి చేరాను. మొదటి రోజు మెట్లెక్కుతూ, "ఆఫీసులో అమ్మా అని పిలవకు, బాగుండదు" అన్నావు. మేడమ్ అంటున్నాను. ఆ ఒక్కతే బిడ్డ వాక్యం ప్రతి ఉపన్యాసంలోనూ టైపు చేసేది నేనే. దాని పక్కన 'ఆగాలి' అని వేసేదీ నేనే. నువ్వు అక్కడ ఆగి, అక్క వైపు చూసి ఏడుస్తావు.

ఒకసారి అక్క మైకు లాక్కుని, హాలు చివర నిలబడ్డ నన్ను చూపించి, "అదిగో మా చెల్లి" అంది. నీ ముఖంలో రంగు ఒక్క క్షణమే మారింది. "మా బంగారుకొండ అందర్నీ చెల్లి అనే పిలుస్తుంది" అన్నావు. హాలంతా మురిసిపోయి చప్పట్లు కొట్టింది. నా పక్కన నిలబడ్డ కాఫీల అమ్మాయి, "ఎంత మంచి మనసండీ ఆ పిల్లది" అని నాతో అంది. అవునండీ అన్నాను.

అక్కకి గది ఇప్పించు. నా సంగతి తర్వాత చూసుకుందాం.

చిన్నది


అమ్మా,

నీ ఫోను వచ్చాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నువ్వన్న మాటలు నీకు గుర్తుండకపోవచ్చు. హాలు బయటి నుంచి చేశావు, వెనక కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"దానికేం తెలుసే? ఇవాళ గది కావాలంటుంది, రేపు చందమామ కావాలంటుంది. తెచ్చిస్తావా?"

"అది ఈ ఒక్కటే అడిగిందమ్మా."

"జనం ఏమనుకుంటారు? ఊరందరి పిల్లల కోసం అరిచి, సొంత పిల్లని బయటికి తోసేసిందంటారు. ఇన్నేళ్ళ కష్టం బూడిదవుతుంది."

"మరి ఆ ఇల్లు ఎవరి కోసం కట్టించావు?"

"దిక్కులేని వాళ్ళ కోసం. దీనికి నేనున్నాను." ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు దాన్ని ఎక్కిస్తున్నావు. నీ ఏడుపు దాని నెత్తిన రుద్దకు" అన్నావు.

నాకు ఏడుపు ఉందని నువ్వు ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజు నువ్వు చదివిన ఉపన్యాసం నేను పంపిందే. "వాళ్ళని అడగకుండా వాళ్ళ బతుకు గురించి తీర్మానించే హక్కు ఎవరికీ లేదు, కన్నవాళ్ళకి కూడా లేదు." ఆ వాక్యం మీద నేను ఒక పూటంతా కూర్చున్నాను. కన్నవాళ్ళకి కూడా అన్న ముక్క పెట్టనా వద్దా అని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. నువ్వు తడబడకుండా చదివావట. మర్నాడు పేపర్లో అదే పెద్దక్షరాలతో వేశారు. అక్కకి చూపించాను. నీ ఫోటో కత్తిరించి గోడకి అంటించుకుంది. కింద ఉన్న మాటలు నన్ను చదవమని అడగలేదు. దానికి ఆ మాటలు అక్కర్లేదు, గది కావాలి.

నువ్వు చెడ్డదానివని నేను అనను. బడులు అక్కని చేర్చుకోనన్నప్పుడు నువ్వు ఆ గేట్ల ముందు ఎండలో కూర్చున్నావు. నీ తర్వాత వచ్చిన తల్లులు కూర్చోవలసిన పని లేకుండా పోయింది. బస్సులో అక్కని పిచ్చిది అన్నవాడి చొక్కా పట్టుకుని దింపావు. ఆ లాండ్రీలో అలాంటి వాళ్ళకి పని ఇస్తున్నారంటే నీ వల్లే. ఇవన్నీ నాకు తెలుసు, రాసేదాన్ని కదా. కాని గేటు తెరిపించిన మనిషే ఇప్పుడు గేటుకి అడ్డంగా నిలబడింది. పక్కకి జరగమ్మా అంటే, ఈ గేటు తెరిపించింది ఎవరనుకున్నావు అంటోంది.

అందుకని ఒక పని చేశాను. నీకు ముందే చెబుతున్నాను, చాటుగా చేశానని రేపు అనకు. సంరక్షకులని నియమించే ప్రభుత్వ కమిటీకి అక్క తరఫున అర్జీ పెట్టాను. వాళ్ళు అక్కని పిలిచి మాట్లాడతారు. దగ్గరి బంధువు ఒకరు వచ్చి నోటితో చెప్పాలన్నారు. రాసిస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదన్నారు.

నేను వెళ్తాను. పదిమంది ముందు నిలబడి, నేను దీని చెల్లెల్ని అని చెబుతాను. నువ్వు వచ్చి నీ నోటితో సరే అంటే నాకు ఆ పని తప్పుతుంది. విచారణ నీ సన్మానం రోజునే పడింది. సన్మానం వాయిదా వేయించుకోమని అడుగుతున్నాను. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు.

చిన్నది


అమ్మా,

నువ్వు రాలేదు. వకీలుని పంపావు. ఆయన నీకు ఏం చెప్పాడో తెలీదు కాబట్టి జరిగింది రాస్తాను.

గది చిన్నది. పొడవాటి బల్ల, బల్ల వెనక ముగ్గురు, మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఆవిడ అధ్యక్షురాలు. బల్ల మీద మైకు ఉంది. అక్క మైకు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడ అమ్మ ఏడుస్తుందా?" అంది. అమ్మ రాలేదే అన్నాను. "మరి ఎవరు ఏడుస్తారు?" అంది. పెద్దావిడ విని, మైకు తీయించేసింది.

మొదట నన్ను లేవమన్నారు. లేచాను. రాత్రంతా అనుకున్నవన్నీ పోయాయి. "నేను దీని చెల్లెల్ని" అన్నాను, అంతే. ఆ మూడు మాటలూ పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

వకీలు లేచాడు. నిన్న మొన్నటివరకు ఆఫీసులో నా చేత కాఫీ తెప్పించుకున్న మనిషి. ఆయన నిజంగానే నమ్మి మాట్లాడాడు, ఆయన తప్పు లేదు.

"అమ్మా, మేడమ్ గారికి ఒక్కతే బిడ్డ. లోకమంతా ఎరిగిన సంగతి. ఈ అమ్మాయి మా సంస్థలో టైపు పని చేస్తుంది. మంచి పిల్లే. కాని నెలజీతం తీసుకుంటూ ఇలా..."

"మరి ఈమె చెల్లెల్ని అంటోందిగా" అంది పెద్దావిడ.

"ఆ బిడ్డ అందర్నీ చెల్లి అనే పిలుస్తుందండీ. అది ఆమె అలవాటు. మేడమ్ ఎన్నోసార్లు చెప్పారు."

పెద్దావిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని అక్కని దగ్గరికి పిలిచింది. నన్ను చూపించి ఎవరని అడిగింది.

"మా చెల్లి."

"మరి నేను?"

అక్క ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. "మీరెవరో నాకు తెలీదు" అంది.

"ఈయన?"

"వకీలు. మన కారులో ముందు సీట్లో కూర్చుంటాడు. నిద్రపోతాడు. నోరు తెరుస్తాడు."

బల్ల చివర కూర్చున్న కమిటీ డాక్టరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వకీలు కూర్చున్నాడు. అలా నేను నీ కూతురినని రుజువైంది. అక్క తప్ప ఇంకెవరూ చెప్పలేదు.

తర్వాత, ఆ ఇంటికి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావని అక్కని అడిగారు. నేను ఏమీ నేర్పలేదు. నేర్పిస్తే నీకూ నాకూ తేడా ఏముంటుంది? అక్క వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు బల్ల అంచు మీద ఆనించి చెప్పింది.

"అక్కడ పొడుగమ్మాయి ఉంది. పని దగ్గర. నడిచి వెళ్ళొచ్చు."

"అమ్మంటే ఇష్టం లేదా?"

"ఇష్టం. ఇంట్లో అమ్మ ఇష్టం. స్టేజీ మీద అమ్మ నన్ను చూసి ఏడుస్తుంది." కాసేపు ఆగింది. అక్కడ ఆగమని ఎవరూ రాయలేదు. "నేనేం తప్పు చెయ్యలేదు."

కమిటీ రాతగాడు రాయడం ఆపి అక్క వైపు చూశాడు. నేను ఇన్నేళ్ళలో రాసిన కాగితాలన్నీ కలిపినా ఆ ఒక్క మాట బరువు తూగవు.

గది అక్కకి ఇవ్వమన్నారు. దాని ఇల్లు, దాని పని, దాని జీతం విషయంలో ఇకనుంచి దాని మాటే చెల్లుతుంది. బయటికి వచ్చాక వకీలు నా దగ్గరికి వచ్చాడు. "క్షమించమ్మా, నాకు తెలీదు. అన్నేళ్ళు ఒకే గదిలో..." అని ఆగిపోయి, కాఫీ తాగుతావా అని అడిగాడు. తాగాను. డబ్బులు ఆయనే ఇచ్చాడు.

రేపు ఆదివారం అక్క సామాను తీసుకువెళ్తాం. నీకు కోపం వస్తుందని తెలుసు. కోపంతోనైనా సరే, వచ్చి ఆ గదిలో ఒకసారి కూర్చో.

చిన్నది


అమ్మా,

నువ్వు గదికి రాలేదు కాని, గది నీ సభకి వచ్చింది. విన్నాను. "కడుపుతీపి చంపుకుని నా ఒక్క పక్షిని ఎగరనిచ్చాను" అన్నావట. ఆఫీసులో అందరూ ఆ వీడియో చూసి ఏడ్చారు. పక్షి అన్న మాట నేను రాసింది కాదు. నేను లేకుండా కూడా నువ్వు బాగానే చెప్పగలవని తెలిసి ఒక విధంగా ఊరట కలిగింది. అయితే ఎగరనిచ్చింది నువ్వు కాదు. నీ వకీలు తలుపు దగ్గర కాలు అడ్డం పెట్టాడు, మేం దాటుకుని వచ్చాం.

మర్నాడు నువ్వు ఫోను చేసినప్పుడు కోపంగా ఉంటావనుకున్నాను. నీ గొంతు హుషారుగా ఉంది.

"చిన్నదీ, విను. జనం ఊగిపోతున్నారు. తల్లి వదిలిపెట్టడం అనేదాని మీద గంటసేపు మాట్లాడమని అందరూ అడుగుతున్నారు. బాగా రాయి, నీ చెయ్యి పడాలి దానికి."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇంకోటి. ఆ కమిటీ సంగతి ఎలాగూ బయటికి పొక్కుతుంది. మనమే ముందు చెప్పేద్దాం. నువ్వు కూడా స్టేజీ మీదికి రా. ఇన్నేళ్ళూ తెర వెనక నిలబడి అక్క కోసం బతికిన నా రెండో కూతురు అని పరిచయం చేస్తాను. నీ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొస్తాను. హాలంతా లేచి నిలబడుతుంది, చూడు."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నీకు తెలీదు. హాస్టల్లో దుప్పటి కప్పుకుని నువ్వు ఆ మాట అంటున్నట్టు ఊహించుకునేదాన్ని. అచ్చం అలాగే, చెయ్యి పట్టుకుని. తీరా అది వచ్చేసరికి దానికీ ఒక చోట 'ఆగాలి' అని నువ్వు అప్పుడే గుర్తు పెట్టేశావు. నేను ఎక్కడ కన్నీళ్ళు పెట్టుకోవాలో కూడా నీకు తెలిసే ఉంటుంది.

రానమ్మా. రాయను కూడా. సోమవారం నుంచి ఆఫీసుకి రావడం మానేస్తున్నాను. ఆసుపత్రి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని దొరికింది. అక్కడ మాట్లాడకపోతే మెచ్చుకుంటారు. నా బల్ల సొరుగు తాళం వకీలు గారికి ఇచ్చాను. పాత ఉపన్యాసాలన్నీ అందులోనే ఉన్నాయి. నా స్థానంలో వచ్చే పిల్లని ఏమని పిలిపించుకుంటావో నీ ఇష్టం.

ఎప్పుడైనా నన్ను నీ కూతురినని చెప్పాలనిపిస్తే, మైకు లేనిచోట చెప్పు. కూరలు కొనేచోట చెప్పు. పక్కింటి ఆవిడ గోడ మీంచి పలకరించినప్పుడు చెప్పు. వినేవాళ్ళు ఒక్కరైతే చాలు. చప్పట్లు కొట్టలేని వాళ్ళయితే ఇంకా మంచిది.

అక్క బాగుంది. మొన్న పొడుగమ్మాయితో ఎందుకో పోట్లాడి, సాయంత్రానికి మాట కలిపింది. ఇంట్లో ఉన్నప్పుడు అక్కకి పోట్లాడే అవకాశం ఎక్కడిది? నేను ఆదివారాలు వెళ్తున్నాను. ఒక ఆదివారం దానికి వేరే పని ఉందని గుమ్మంలోంచే పంపించేసింది. ఆ రోజు వీధిలోకి వచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత ఇంటికి వెళ్ళేదారి చాలా పొడుగ్గా అనిపించింది.

నీకు ఒక సంగతి చెప్పలేదు. అక్కని ఆ ఇంట్లో చేర్చిన రోజు టీచరమ్మ, ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని పిలిపించాలని అడిగింది. నేను అక్క పక్కనే ఉన్నాను, సూట్‌కేసు నా చేతిలోనే ఉంది. అక్క ఆలోచించలేదు. నిన్ను పిలిపించమంది. నీ ఫోను నంబరు తడుముకోకుండా చెప్పింది.

చిన్నది